మోచేతి పైన గడియారం

ముద్దక్కతో నవ్వుతూ మాట్లాడినవాళ్ళు ఆ బేకరీలో ఇద్దరే. ఒకడు పనిలో చేరిన రోజు మాట్లాడి, మర్నాడు మానేశాడు. రెండోవాడు పెద్ద ఓనరు. ఆయనకు చెవులు వినపడవు. మిగతా వాళ్ళంతా ఆమె దారికి అడ్డు రాకుండా బతకడం నేర్చుకున్నారు. మైదా బస్తాలు తెచ్చే లారీవాడు కూడా సరుకు దించేసి, రసీదు గుమ్మంలో పెట్టి, ఎవరినీ పిలవకుండా చల్లగా జారుకుంటాడు. ఒకసారి పురుగు పట్టిన బస్తా దించినందుకు ఆమె వాడి చేతికి జల్లెడ ఇచ్చి, యాభై కిలోలూ అక్కడే కూర్చుని జల్లించేదాకా కదలనివ్వలేదు.

ఆమె పని బ్రెడ్డుకు పిండి మర్దించడం. ఇరవై రెండేళ్ళుగా అదే వెనక గది, అదే రాతి బల్ల. పిండి కలపడానికి మిషనుంది. కానీ కలిపిన పిండిని ముద్దలు చేసి, ఎత్తి బల్లమీద దబీమని కొట్టి, సాగదీసి, మడిచి, మళ్ళీ కొట్టి దానికి సాగే గుణం తెచ్చేది ఆమె చేతులే. బొటనవేలితో ముద్దను నొక్కి చూస్తుంది. గుంట మెల్లగా పైకి లేస్తే సరే. లేవకపోతే ముద్దనూ తిడుతుంది, మిషనునూ తిడుతుంది, ఆ మిషను కొన్నవాడినీ తిడుతుంది. అసలు పేరు జీతాల పట్టీలో ఉంది గానీ అందరికీ ఆమె ముద్దక్కే. మనుషులతో పొసగని ఆ మనిషికి ఆ బల్లంటే ప్రాణం.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా వెనక గదిలో ఆమె ఒక్కతే ఉంటుంది. ఓవెన్ల వాళ్ళు పొద్దుటి పని ముగించుకుని తిండికి పోతారు. ముందు షాపులో కౌంటరావిడ ఉంటుంది కానీ, ఆ షాపుకీ ఈ గదికీ మధ్య రెండు తలుపులు. ఒక రోజు సరిగ్గా ఆ సమయంలోనే కళ్ళు తిరిగి బస్తాల మధ్య పడిపోయింది. నలభై నిమిషాలు ఆమెను చూసిన నాథుడు లేడు. మూడింటికి ఓవెను మనిషి వచ్చేసరికి తనంతట తానే లేచి కూర్చుని, పిండి పొంగి బల్ల దిగిపోయిందని ఏడుస్తోంది. డాక్టరు రక్తపోటు అన్నాడు, మాత్రలు రాసిచ్చాడు.

సంగతి చిన్న ఓనరు దాకా పోయింది. ఇతను పెద్దాయన కొడుకు. పుట్టి ముప్పై ఏళ్ళయినా పిండి అంటని చేతులు. గోడలకు కాగితాలు అంటించడమంటే మాత్రం మహా సరదా. మర్నాడు వెనక గదికి వచ్చి, నిలువుగా నిలబడి, ఒక ఉపన్యాసం దంచాడు. దాని సారాంశం ఇది: మనిషి పడితే తెలుసుకుని, దానంతటదే ఫోను చేసే గడియారాలు వస్తున్నాయి. అలాంటిదొకటి కొనుక్కుని పెట్టుకుంటే ముద్దక్క ఈ బల్ల దగ్గరే ఉండొచ్చు. లేకపోతే ఒకటో తారీఖు నుంచి ప్యాకింగ్ గదిలో కూర్చుని ప్యాకెట్ల మీద తేదీలు అంటించాలి.

ముద్దక్క అతని వెనక గోడ వైపు వేలు చూపించింది. అక్కడ అతని చేత్తో అతనే అంటించిన కాగితముంది. పిండి ముట్టేవాళ్ళు మోచేతి కింద ఉంగరం, గాజులు, గడియారం ఏదీ పెట్టుకోరాదు. చిన్న ఓనరు తన కాగితాన్ని తానే రెండుసార్లు చదువుకుని, అది మీరే ఎలాగో చూసుకోండని చెప్పి బయటపడ్డాడు. తెలివి తక్కువ మనిషికి అధికారం ఉంటే ఇలాగే మాట్లాడతాడు.

ప్యాకింగ్ గది తలుచుకుంటేనే ముద్దక్కకు ఒళ్ళు మండింది. ఇనప స్టూలు మీద కూర్చుని, స్టిక్కరు ఊడదీసి అంటించి, ఊడదీసి అంటించి, రేపటి తేదీ ఎల్లుండి తేదీ చూసుకుంటూ ముసలిదైపోవాలి. పైగా ఆ ప్యాకెట్లలో ఉండేది ఇంకెవరో మర్దించిన రొట్టె. అది తలుచుకుని ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆమెకు ఒక్కడే కొడుకు. పక్క ఊళ్ళో సిటీ బస్సు నడుపుతాడు. తల్లి చెప్పగానే ఆదివారానికల్లా ఒక గడియారం పట్టుకొచ్చాడు. నల్లగా నిగనిగలాడుతూ చూడముచ్చటగా ఉంది. సగం ధరకే వచ్చిందని మురిసిపోయాడు. తీరా చూస్తే అది ముద్దక్క ఫోనుతో కలవనంది. రెండు గంటలు కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, అది ఒక కంపెనీది, ఫోను ఇంకో కంపెనీది. టైము చూపిస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది, పడితే ఫోను చేసే పని మాత్రం తన కంపెనీ ఫోనుతోనే చేస్తుంది. రెండిళ్ళ మధ్య మాటల్లేవన్నమాట, అంది ముద్దక్క. ఆ విషయం ఆమెకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

వాడు దాన్ని తిరిగిచ్చేసి ఇంకోటి తెచ్చాడు. అది అన్ని ఫోన్లతోనూ కలుస్తుందట. నూట ఇరవై రకాల ఆటలు గుర్తుపడుతుందట. పరీక్షగా మోచేతి పైకి తోసి కట్టుకుని ఒక పూట పిండి కొడితే, మీరు ఈరోజు రెండు కిలోమీటర్లు ఈదారు, శభాష్ అని రాసింది. పడడం గురించి దానికి పట్టింపు లేదు. డబ్బా మీద పడిపోతున్న మనిషి బొమ్మ వేసి మరీ అమ్మారు. ఈసారి ముద్దక్కే షాపుకు వెళ్ళింది. అక్కడ మెడలో టై కట్టుకున్న మనిషి, ఆ బొమ్మ పరుగెత్తుతున్న మనిషిదని వాదించాడు. ఆమె గొంతుకు బయట నడిచే జనం ఆగారు. అతను సరుకు వాపసు తీసుకున్నాడు, నీళ్ళు కూడా తాగాడు.

మూడో గడియారం దొరికింది వేరే షాపులో. అక్కడ కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ గడియారాలు చూపించడానికి ముందు మూడు ప్రశ్నలు వేసింది. ఏ ఫోను వాడతారు, ఏం పని చేస్తారు, రోజులో చేతులు ఎంతసేపు తడిగా ఉంటాయి. ఈ ముక్కలు ముందే అడిగిన మొదటి మనిషి ఆవిడే, అందుకే ముద్దక్క ఆవిడ మీద అరవలేదు. ఆవిడ ఫోను కంపెనీ గడియారమే ఇచ్చింది. అంకెలు పెద్దవి, నీళ్ళు పడ్డా చెడదు. పిండి చేతులకు అద్దం పలకదు కాబట్టి పక్కన నొక్కడానికి గట్టి బటన్ ఉన్నది చూసి ఇచ్చింది. పడినట్టు అనిపిస్తే ఇది ముందు మిమ్మల్ని అడుగుతుంది, బాగున్నానని అర నిమిషంలోపు బటన్ నొక్కాలి, నొక్కకపోతే ఫోను చేసేస్తుంది అని వివరంగా చెప్పింది. కానీ దీన్ని చేసింది మణికట్టు కోసమని, మోచేతి పైన కట్టుకుంటే కదలకుండా బిగుతుగా ఉండాలని, ఎవరైనా మంచి టైలరు చేత పట్టీ కుట్టించుకోమని అంది.

టైలరు అనగానే ముద్దక్క మొహం మాడిపోయింది.

బేకరీ వెనక తలుపు తీస్తే, సందుకు అవతల ఎదురుగా ఉన్నదే టైలరు షాపు. ఆ టైలరమ్మ ముద్దక్కకు స్వయానా తోడికోడలు, మరిది భార్య. తొమ్మిదేళ్ళ కిందట, జాకెట్టు చేతులు పట్టేశాయని, మిగిలిన గుడ్డ కాజేశావని, షాపు నిండా జనముండగా ముద్దక్క ఆమెను దొంగ అంది. గుడ్డేమీ మిగల్లేదు, నీ చెయ్యే లావెక్కి టేపు చాలడం లేదు అని టైలరమ్మ అంది. ఆడవాళ్ళందరూ నవ్వారు. అది అంతటితో పోయేదే. మర్నాడు పొద్దున ముద్దక్క భర్త ఇంట్లో కుప్పకూలాడు. మరిదికి వ్యాను ఉంది, ఫోను లేదు. ఆ ఇంట్లో ఉన్నది టైలరమ్మ ఫోనొక్కటే. ముద్దక్క ఏడుసార్లు చేసింది. ఏడుసార్లూ మోగి మోగి ఆగిపోయింది. వేరే బండి దొరికి ఆసుపత్రికి చేరేసరికి ఆయన లేడు. మిషను చప్పుడులో వినపడలేదని టైలరమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ముద్దక్క నమ్మలేదు. ఆ రోజు మొదలు తోడికోడళ్ళ మధ్య ఒక్క మాట లేదు. మరిది కొన్నాళ్ళు ఇద్దరి మధ్యా నలిగి, చివరికి దూరంలో పని చూసుకుని వారానికోసారి ఇల్లు చేరుతున్నాడు. బేకరీ వెనక తలుపు గడియ తొమ్మిదేళ్ళుగా వేసింది వేసినట్టే ఉంది.

కాబట్టి పట్టీ ముద్దక్కే కుట్టుకుంది. పాత సాక్సు పైభాగం కత్తిరించి, బస్తా దారంతో గడియారానికి రెండు వైపులా బిగించింది. చూడడానికి చేతికి కట్టు కట్టినట్టుంది. పడితే ఎవరికి ఫోను వెళ్ళాలో కొడుకు ఆమె ఫోనులో నింపాడు. ఎవరి నంబరు పెట్టావంటే, దగ్గర్లో ఉన్నవాళ్ళదిలే అన్నాడు. కౌంటరావిడది అనుకుని ఊరుకుంది.

మొదటి రెండు రోజులూ ఏమీ కాలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఒక పెద్ద ముద్దను తలదాకా ఎత్తి బల్లమీద కొట్టగానే చెయ్యి మీద గడియారం గిజగిజలాడింది. పడిపోయారా అని అడుగుతోంది. బటన్ నొక్కుదామంటే సాక్సు వదులై గడియారం కాస్తా చేతి వెనక్కి తిరిగి, బటన్ సాక్సు మడతలో ఇరుక్కుని రెండో చేతి వేళ్ళకు అందలేదు. గడ్డంతో ప్రయత్నించింది, బల్ల అంచుకు ఆనించి నొక్కబోయింది. అర నిమిషం అయిపోయింది. ఒక్కసారే మోగింది. రెండో మోత లేకుండానే అవతల ఎత్తారు.

"ఏమైంది?" అంది గొంతు.

అది టైలరమ్మ గొంతు. కొడుకు పెట్టింది పిన్ని నంబరు.

బాగానే ఉన్నానని ఒక్క మాటంటే అయిపోయేది. ముద్దక్క అనలేదు. తొమ్మిదేళ్ళు పట్టిన పంతం ఒక గడియారం కోసం వదులుకుంటుందా. పళ్ళు బిగించి నిలబడింది. చెయ్యి మీద గొంతు ఏమైంది, ఏమైంది అని రెండుసార్లు అడిగి ఆగింది. తర్వాత కుర్చీ పడిన చప్పుడు, పరుగు చప్పుడు. వెనక తలుపు దబదబా బాదిన చప్పుడు. అది తెరుచుకోక, సందు చుట్టూ తిరిగి, ముందు షాపులో కొనేవాళ్ళను తోసుకుంటూ, కత్తెర చేత్తోనే పట్టుకుని టైలరమ్మ లోపలికి వచ్చింది.

ముద్దక్క బల్ల దగ్గర నిటారుగా నిలబడి ఉంది.

టైలరమ్మ గుమ్మంలోనే ఆగింది. ఊపిరి అందాక, "చచ్చావనుకుని వచ్చాను" అంది. ముద్దక్క పిండి చేత్తో గుమ్మం వైపు చూపించింది. "పోతున్నాలే. నోరు కూడా పడిపోయిందేమో చూపించుకో" అని టైలరమ్మ వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

షాపులో అంతమంది చూశాక దాగుతుందా. సాయంత్రం చిన్న ఓనరు వచ్చి, ఉత్తుత్తి ఫోన్లు చేసే గడియారం ఉన్నా లేనట్టేనని, ఇంకోసారి ఇలా జరిగితే ఒకటో తారీఖు దాకా కూడా ఆగనని చెప్పాడు. ముద్దక్క ఆ కోపమంతా కొడుకు మీద ఫోనులో తీర్చుకుంది. వాడు బస్సు పక్కన ఆపుకుని మరీ విన్నాడు. ఐదు నిమిషాల్లో రాగలిగింది పిన్ని ఒక్కతేనమ్మా అన్నాడు. నీకు ఇష్టం లేకపోతే ఆదివారం వచ్చి మారుస్తానన్నాడు. ఆదివారం దాకా మెల్లగా కొడతానని ముద్దక్క తనకు తాను చెప్పుకుంది. మర్నాడు బల్ల దగ్గరికి పోయే ముందు వెనక తలుపు గడియ తీసింది. ఆమె రావాలనేం కాదు. వస్తే గిస్తే జనం మధ్య నుంచి రాకూడదని.

మెల్లగా కొట్టిన పిండి మెల్లగానే ఏడ్చింది. రొట్టె పొంగకుండా దిమ్మలా వచ్చిందని ఓవెను మనిషి నసిగాడు. ఆ మాటకు ముద్దక్కకు తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ళలో ఆమె రొట్టెను అలా అన్నవాడు లేడు. శుక్రవారం మధ్యాహ్నం ఎప్పటిలాగే ఎత్తి కొట్టింది. ఐదో ముద్దకే గడియారం పడిపోయారా అంది, మళ్ళీ చేతి వెనక్కి జారింది, మళ్ళీ ఫోను కలిపింది.

"పడ్డావా? ఏదో ఒకటి చెప్పు."

ముద్దక్క నోరు తెరిచింది. అంతలోనే వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. టైలరమ్మ మెడలో టేపు, చేతిలో ఫోను, ఒక కాలికే చెప్పు. సరిగ్గా అప్పుడే ముందు వైపు నుంచి చిన్న ఓనరు లోపలికి వచ్చాడు.

మళ్ళీ మోగిందా అని అడిగాడు. అడిగింది ముద్దక్కను, చూసింది టైలరమ్మను. ఆ క్షణంలో ముద్దక్క బల్ల టైలరమ్మ నాలుక మీద ఉంది. అవునంటే చాలు, తొమ్మిదేళ్ళ పగ చల్లారుతుంది. ముద్దక్క అయితే అవుననే అనేది. అది ముద్దక్కకు కూడా తెలుసు.

టైలరమ్మ చేతిలోని ఫోనును బొటనవేలితో నొక్కి ఆపేసింది. "ఏమీ మోగలేదు. పట్టీ కొలత తీసుకుందామని వచ్చాను" అంది.

ఒంటి చెప్పుతోనా అన్నాడు చిన్న ఓనరు. రెండోది తెగిందని ఆమె మెడలోని టేపు తీసి, ముద్దక్క చెయ్యి తన చెయ్యే అన్నట్టు పట్టుకుని, చుట్టూ తిప్పింది. అతను కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయాడు. చెప్పులతో బయటివాళ్ళు లోపలికి రాకూడదని సాయంత్రానికి గోడ మీద కొత్త కాగితం వెలిసింది.

"పదమూడున్నర" అంది టైలరమ్మ.

"టేపు చాలిందా?"

తొమ్మిదేళ్ళ తర్వాత తోడికోడలితో ముద్దక్క అన్న మొదటి మాట అది. టైలరమ్మ టేపు వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడింది. పోతుందేమో అనుకుంది ముద్దక్క. పోలేదు.

"ఆ రోజు ఎందుకు ఎత్తలేదు?" అంది ముద్దక్క.

"మిషను చప్పుడని చెప్పాను కదా."

"అది అందరికీ చెప్పావు. నాకు చెప్పు."

టైలరమ్మ టేపు మొత్తం చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. "నీ పేరు కనపడింది. మళ్ళీ తిట్టడానికే చేస్తున్నావనుకున్నాను. మోగనీ అనుకున్నాను. ఏడుసార్లూ చూశాను."

ఈ మాట కోసమే ముద్దక్క తొమ్మిదేళ్ళు కాచుకుంది. ఇది విన్న రోజు దాని జుట్టు పట్టుకుని సందులోకి ఈడుస్తానని ఎన్నోసార్లు అనుకుంది. ఇప్పుడు చేతులు పిండిలో ఉన్నాయి, కదలడం లేదు. దొంగ అన్న మాట ముందు రోజు తను అనకపోయి ఉంటే మొదటిసారే ఎత్తేది కదా అన్నది కూడా ఆమెకు కొత్త సంగతి కాదు. ఎన్నో పొద్దులు ఈ బల్ల ముందే ఆ ఆలోచన వచ్చేది, వచ్చినప్పుడల్లా పిండిని ఇంకా గట్టిగా కొట్టేది. కోపం పోలేదు. ఏడుపొచ్చింది, అది ఇంకా కోపం తెప్పించింది.

"నేను నిన్ను క్షమించను" అంది.

"నేనడిగానా?" అంది టైలరమ్మ. "రేపు పట్టీ ఇస్తాను. ఆ సాక్సు పీలిక తీసి పారెయ్యి. ఆ కుట్టు చూస్తుంటే కడుపులో తిప్పుతోంది."

మర్నాడు పట్టీ కౌంటరావిడ ద్వారా వచ్చింది. వెడల్పాటి ఎలాస్టిక్కు, రెండు వరసల కుట్టు, గడియారం బటన్ దగ్గర వేలు పట్టేంత కంత. ముద్దక్క దాన్ని తిప్పి తిప్పి చూసింది, తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. చిన్న ఓనరు పరీక్ష పెట్టాడు. ఆమె ఎప్పటిలా యాభై ముద్దలు కొట్టింది, గడియారం కిక్కురుమనలేదు. మరి నిజంగా పడితే మోగుతుందని ఏమిటి నమ్మకం అన్నాడు. కట్టుకుని నువ్వే పడి చూడమని ముద్దక్క గడియారం విప్పబోయింది. అతను అక్కర్లేదన్నాడు. ఆమె బల్ల ఆమెకు ఉండిపోయింది.

ఆదివారం కొడుకు వచ్చాడు. తిట్లు తినడానికి సిద్ధపడి, వస్తూనే తల్లి ఫోను తీసుకుని కూర్చున్నాడు. పిన్ని నంబరు తీసేసి కౌంటరావిడది పెట్టనా, ఓవెను మనిషిది పెట్టనా అని అడిగాడు. ముద్దక్క ఆ పట్టీ ఉతికి ఆరేస్తోంది. వెనక్కి తిరగలేదు.

"మార్చకు" అంది.

వాడికి అర్థం కాలేదు. "ఆవిడతో నీకు మాటల్లేవు కదా" అన్నాడు.

"మాటలెందుకు" అంది ముద్దక్క, పట్టీలో నీళ్ళు పిండుతూ. "ఈసారి ఎత్తుతుంది."